పదింటికి ముందు, పదింటి తర్వాత: కొరియాలో ఇంగ్లీషు టీచరు రాత్రులు

(అనంతపురంలో డిగ్రీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసి పెట్టినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి లాక్కుంటాను.

కొరియా గురించి మాట్లాడాలంటే అనంతపురానికి మించిన చోటు మన దగ్గర లేదు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. అప్పట్నుంచి ఆ దారిలో కొరియా అక్షరాల బోర్డులు, కొరియా వంట హోటళ్లు మీకు అలవాటైపోయాయి. ఇక సీరియళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదు, మీలో చాలామంది నాకంటే ఎక్కువే చూసుంటారు. ఆ సీరియళ్లలో రాత్రి ఎంత బాగుంటుంది! నారింజ రంగు టెంటు, లోపల ఇద్దరు, మధ్యలో సోజు అనే కొరియా మందు సీసా, బయట వాన. అది అబద్ధం కాదు. ఆ టెంట్లు ఉన్నాయి, నేనూ కూర్చున్నాను. కానీ అది రాత్రిలో రెండో సగం. పదింటి తర్వాత మొదలయ్యే సగం. పదింటికి ముందు ఇంకో సగం ఉంది. అది పిల్లలది. ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లిన విదేశీ టీచరు ఈ రెండు సగాలనూ చూస్తారు. అందుకే ఈరోజు రెండూ చెప్తాను. మొదటిది వదిలేసి రెండోది చెప్తే అది టూరిస్టు మాటే అవుతుంది.

నేనెవరో రెండు ముక్కల్లో చెప్తాను. మాది ధర్మవరం. ఆరో తరగతిలో ఉండగా నాన్నగారి ఉద్యోగం వల్ల మెల్‌బోర్న్ వెళ్లిపోయాం. చదువంతా అక్కడే. డిగ్రీ అయ్యాక కొరియా వెళ్లాను. మొదట సోల్‌లో ఒక ప్రైవేటు సంస్థలో, తర్వాత బుసాన్‌లో ప్రభుత్వ బడిలో పనిచేశాను. ఆ రెండు ఉద్యోగాలకూ ఎంత తేడానో తర్వాత చెప్తాను.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. మేమూ వెళ్లొచ్చా అక్కా అని. నిజం చెప్పాలి కాబట్టి ముందే చెప్తున్నాను. అక్కడ ఇంగ్లీషు టీచర్లకిచ్చే వీసా ఈ-2. అది ఏడు దేశాల పౌరులకే. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. మీ ఇంగ్లీషు ఎంత బాగున్నా సరే, పాస్‌పోర్టు చూస్తారు. మనకు ఒక్క సందు ఉంది. భారత్, కొరియా మధ్య ఆర్థిక ఒప్పందం 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది కదా, అందులో ఇంగ్లీషు చదువుతో పాటు టీచరు అర్హత కూడా ఉన్న భారతీయుల్ని ప్రభుత్వ బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా తీసుకోవడానికి చోటు పెట్టారు. చాలా ఇరుకైన దారి. ప్రైవేటు సంస్థలకు అది వర్తించదు. కాబట్టి ఏజెంటు ఎవరైనా వచ్చి, డబ్బు కట్టండి, కొరియాలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం గ్యారంటీ అంటే, నమ్మొద్దు. గట్టిగా చెప్తున్నాను, నమ్మొద్దు.

సరే, పదింటికి ముందు సంగతి.

అక్కడ బడి అయిపోయాక పిల్లలు వెళ్లే చోటు పేరు హగ్వన్. ప్రైవేటు కోచింగ్ సెంటరు అనుకోండి. లెక్కలకొకటి, ఇంగ్లీషుకొకటి, పియానోకొకటి, టైక్వాండోకొకటి. విదేశీ టీచర్లలో చాలామంది పనిచేసేది వీటిలోనే. మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో డ్యూటీ ఎక్కుతాం. మొదట చిన్నపిల్లలు, చీకటిపడ్డాక పెద్దపిల్లలు. పసుపుపచ్చ వ్యాన్లు వాళ్లను ఒక హగ్వన్ దగ్గర దించి, ఇంకో హగ్వన్ దగ్గరికి ఎక్కించుకుపోతాయి. మా తరగతి గది తలుపులు అద్దాలవి, మూలన కెమెరా. రోజూ మాటల పరీక్ష, నలభై యాభై ఇంగ్లీషు మాటలు. తప్పినవాళ్లు అందరూ వెళ్లాక కూర్చుని మళ్లీ రాయాలి.

మా తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. వాడిదీ ఆరో తరగతే, నేను ధర్మవరం వదిలిన వయసు. వారానికి మూడు రోజులు లెక్కల క్లాసు నుంచి నేరుగా మా దగ్గరికి వచ్చేవాడు, ఎనిమిదింటికి. చేతిలో కిందనున్న కొట్లో కొన్న మూడు మూలల గింబాప్. దాని ప్లాస్టిక్ కాగితం మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలుంటాయి. ఆ వరసలో చింపితే కరకరలాడే సముద్రపు నాచు పొర అన్నానికి సరిగ్గా చుట్టుకుంటుంది. వాడు పుస్తకం మీద నుంచి కళ్లు తిప్పకుండా ఒక్క చేత్తో ఆ మూడూ చింపేవాడు. అంత అలవాటు. రాత్రి భోజనం అదే. ఒకరోజు నేను వ్యాసం రాయమన్నాను, రోజులో మీకు ఇష్టమైన సమయం ఏది అని. చాలామంది కంప్యూటర్ గేములు ఆడే సమయం అని రాశారు. వీడు మాత్రం, వ్యాన్‌లో కూర్చునే సమయం అని రాశాడు. ఎందుకంటే వ్యాన్‌లో నన్ను ఎవరూ ఏమీ అడగరు అని రాశాడు. వ్యాకరణం తప్పులు ఒక్కటీ లేవు. పదికి పది వేశాను. వేశానే గానీ, ఆ కాగితం వెనక్కి ఇవ్వడానికి నాకు చాలాసేపు పట్టింది.

మీలో ఇంటర్ హాస్టల్లో చదివినవాళ్లు ఎందరు? చేతులెత్తండి. చూశారా! స్టడీ అవర్స్ ఎన్నింటి దాకా ఉండేవి? పదిన్నరా? అక్కడ పదకొండు అంటున్నారు. మీకు ఈ పిల్లాడి గురించి ఇంక విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్క తేడా ఉంది. మన దగ్గర ఈ ఒత్తిడి ఎక్కువగా పదో తరగతి, ఇంటర్ దగ్గర మొదలవుతుంది. అక్కడ ఇంగ్లీషు కిండర్‌గార్టెన్లలో చేరడానికే నాలుగేళ్ల పిల్లలకు పరీక్ష, పేరున్న ఇంగ్లీషు హగ్వన్‌లో చేరడానికి ఏడేళ్ల పిల్లలకు పరీక్ష. వాటికి జనం పెట్టుకున్న పేర్లే 'నాలుగేళ్ల పరీక్ష', 'ఏడేళ్ల పరీక్ష'.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందా? ఊరుకోలేదు. 1980లో సైనిక పాలకుడు చున్ దూ-హ్వాన్ ట్యూషన్లనే నిషేధించాడు. ఆ నిషేధం చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం 2000లో తీర్పిచ్చింది. ఆ తర్వాత సోల్‌లో రాత్రి పదింటికి హగ్వన్‌లు మూసెయ్యాలని నిబంధన. దాని మీదా కోర్టుకెళ్లారు. 2009లో కోర్టు, ఈ నిబంధన సరైనదే, ఉండనివ్వండి అంది. దాటితే పట్టించినవాళ్లకు బహుమతి డబ్బు కూడా పెట్టారు. పదింటికి సోల్‌లోని దేచి-దోంగ్ అనే పేటకు వెళ్లి చూడండి. గాంగ్నమ్‌లో ఉంది, హగ్వన్‌లకు పెట్టింది పేరు. సరిగ్గా పదింటికి మేడల్లోంచి పిల్లలు ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తారు. రోడ్డు పొడుగునా తల్లిదండ్రుల కార్లు, బ్లింకర్లు వేసుకుని. ట్రాఫిక్ కదలదు. మరి పదింటి తర్వాత పడుకుంటారా? అందరూ కాదు. డబ్బులు కట్టి కూర్చునే స్టడీ కేఫ్‌లున్నాయి, ఇంట్లో మళ్లీ హోంవర్కుంది.

డబ్బు సంగతి కూడా వినండి. 2024లో బడి పిల్లల ప్రైవేటు చదువుల మీద ఆ దేశం ఖర్చుపెట్టింది 29.2 లక్షల కోట్ల వాన్లు. వాన్లు, రూపాయలు కాదు. అయినా మన లెక్కలో దగ్గరదగ్గర లక్షా ఎనభై వేల కోట్ల రూపాయలు. వందమంది పిల్లల్లో ఎనభైమంది ఏదో ఒక ప్రైవేటు చదువులో ఉన్నారు. ఇంకోవైపు, పుట్టే పిల్లలు బాగా తగ్గిపోయారు. 2023లో ఒక్కో స్త్రీకి సగటున 0.72. పిల్లల్ని ఎందుకు కనడం లేదని అక్కడి పడుచు జంటల్ని అడిగితే ఇంటి ధర తర్వాత చెప్పేది ఈ హగ్వన్ ఫీజులే. నా తోటి కొరియన్ టీచర్లు, రోజూ ఇతరుల పిల్లలకు చదువు చెప్పేవాళ్లు, మాకు పిల్లలొద్దు అనేవాళ్లు.

ఈ పరుగంతా దేనికంటే నవంబరులో వచ్చే ఒక్క పరీక్షకి. సునుంగ్, అంటే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష. ఆ రోజు ఇంగ్లీషు వినికిడి పరీక్ష నడిచే అరగంటసేపు దేశమంతటా విమానాలు ఎక్కవు, దిగవు. గాలిలో ఉన్నవి అక్కడే చక్కర్లు కొడుతుంటాయి. ఒక పూట బడిలో ఇంగ్లీషు వినడానికి ఆకాశాన్ని ఆపేసే దేశం! నాకు అక్కడివాళ్ల మీద గౌరవం ఉంది, ఆ శ్రద్ధ మీద గౌరవం ఉంది. కానీ ఆ శ్రద్ధ బరువంతా మోసేది వ్యాన్‌లో కూర్చున్న ఆ పిల్లాడే.

ఇప్పుడు పదయింది. పిల్లలు వెళ్లిపోయారు. మేము మెట్లు దిగుతాం. మీరు ఎదురుచూస్తున్న సగం ఇక్కడ మొదలు.

కొరియన్ టీచర్లు, డైరెక్టరు, మేము కలిసి భోజనానికి వెళ్లడాన్ని హ్వెసిక్ అంటారు. ఆఫీసు విందు. బల్ల మధ్యలో నిప్పుల పొయ్యి, దాని మీద పంది మాంసం ముక్కలు. కత్తెరతో కోస్తారు. వెల్లుల్లి, మిరపకాయ, పులిసిన సోయా ముద్ద పెట్టి పాలకూరలాంటి ఆకులో చుట్టి నోట్లో పెట్టుకుంటారు, ఒక్క ముద్దగా. దాంతో సోజు. ఎవరి గ్లాసులో వాళ్లు పోసుకోరు, పక్కవాళ్లు పోస్తారు. పెద్దవాళ్లు పోస్తే రెండు చేతులతో పట్టుకోవాలి, తాగేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవాలి. అది మనకు కొత్తేమీ కాదు, పెద్దల ముందు అణకువ మనకూ తెలిసిందే. తర్వాత రెండో విడత, ఇంకో చోట బీరు, కోడి వేపుడు. మూడో విడత నొరెబాంగ్, పాటలు పాడుకునే గది. ఆ గదిలో మా డైరెక్టరు, పగలంతా నవ్వని మనిషి, కళ్లు మూసుకుని పాతపాట పాడుతుంటే చూడాలి. అంత బాగా పాడేవాడు!

మందు తాగనివాళ్ల సంగతేమిటి? చూడప్పా, ముందు వరసలో ఒకతను తల ఊపుతున్నాడు, నీకోసమే చెప్తున్నాను. సోజు గ్లాసులో సైడర్ పోయించుకో. సైడర్ అంటే అక్కడ నిమ్మ సోడాలాంటి డ్రింకు. గ్లాసు ఎత్తాలి, తగిలించాలి, మొహం తిప్పాలి. లోపల ఏముందో ఎవరూ పట్టించుకోరు. పదేళ్ల కిందట పట్టించుకునేవాళ్లు. 2018లో వారానికి 52 గంటల పని చట్టం వచ్చాక, తర్వాత కరోనా వచ్చాక, బలవంతపు విందులు బాగా తగ్గాయి. శాకాహారులకు మాత్రం కష్టమే. ఆకుకూర మీద కూడా చేపల పొడి ఉంటుంది. సోల్‌లో ఇతేవాన్ పేటలో 1976లో కట్టిన పెద్ద మసీదు ఉంది. దాని చుట్టుపక్కల కొట్లలో కందిపప్పు, ఇంగువ దొరుకుతాయి. నెలకోసారి సంచి పట్టుకుని అక్కడికే వెళ్లేదాన్ని.

కొరియాలో రాత్రంతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి, కదా? ఒకప్పుడు ఇలా లేదు. 1945లో అమెరికా సైన్యం వచ్చినప్పటి నుంచి 1982 జనవరి దాకా, 36 ఏళ్లకు పైగా, రాత్రిపూట వీధిలో మనిషి తిరగకూడదు. చివరి రోజుల్లో అది అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున నాలుగింటి దాకా. కర్ఫ్యూ. సైరన్ మోగేలోపు ఇంటికి చేరాలి. చేరకపోతే పోలీసు స్టేషనే. నాతో పనిచేసిన ఒక పెద్దావిడ ఆ రోజులు చెప్పేది. ఈ దేశానికి రాత్రి ఈమధ్యనే దొరికిందమ్మా, అందుకే ఇలా ఖర్చుపెడతారు అనేది. ఆ మాట విన్నాక హోంగ్దే వీధులు నాకు వేరేలా కనిపించాయి. హోంగ్దే అంటే హోంగిక్ యూనివర్సిటీ పేట. చిత్రకళ చదివే పిల్లలు, గిటార్లు, వీధి డాన్సులు, నేలమాళిగల్లో క్లబ్బులు. మెట్రో అర్ధరాత్రి దాటి కాసేపటికి ఆగిపోతుంది, మళ్లీ ఐదున్నర ప్రాంతంలో మొదలు. అందుకే పన్నెండు దాటితే జనం రెండే పనులు చేస్తారు. ఇంటికి పరిగెత్తడం, లేదా తెల్లారేదాకా ఉండిపోవడం. 2013 నుంచి సోల్‌లో రాత్రి బస్సులు వేశారు, గుడ్లగూబ బస్సులంటారు. అర్ధరాత్రి జనం ఎక్కడెక్కడ ఫోన్లు వాడుతున్నారో ఆ లెక్కలు చూసి దారులు గీశారు. ఆ బస్సులో ఒకసారి ఎక్కి చూడండి. తాగి వచ్చేవాళ్లు కొందరే. ఎక్కువమంది ఆఫీసులు తుడిచే ఆడవాళ్లు, తాగినవాళ్ల కార్లు ఇంటికి నడిపిపెట్టే అద్దె డ్రైవర్లు.

బుసాన్ రాత్రులు నాకు ఇంకా ఇష్టం. గ్వాంగాల్లి సముద్రతీరం, ఎదురుగా దీపాల వంతెన. కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కప్పు రామ్యన్ నూడుల్స్ తింటూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఎవరూ లెమ్మనరు.

విదేశీ టీచర్ల గురించి ఒక మాట. చాలామంది ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వాళ్లు. మొదటి ఉద్యోగం, చేతిలో మొదటిసారి డబ్బు, అద్దె లేని గది, భాష రాదు. పదింటికి పని అయిపోయాక వెళ్లడానికి తెరిచి ఉన్నది బారే. వారంలో ఐదు రాత్రులు తాగినవాళ్లను చూశాను. సరదా కాదది, ఒంటరితనం. కొరియన్ నేర్చుకున్నవాళ్లు, కొండలెక్కే గుంపుల్లో చేరినవాళ్లు నిలబడ్డారు. అక్షరాలు నేర్చుకోవడానికి వారం చాలు, నిజంగా చాలు.

ఈ రాత్రుల వల్ల విదేశీ టీచర్లకు చెడ్డపేరూ వచ్చింది. 2007లో ఒక విదేశీ టీచరు పిల్లలపై నేరాల కేసులో పట్టుబడ్డాక నేరచరిత్ర పత్రాలు తప్పనిసరి చేశారు. అది మంచిదే. పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లను పరీక్షించాలి. కానీ దాంతోపాటు విదేశీ టీచర్లకు మాత్రమే హెచ్‌ఐవీ పరీక్ష పెట్టారు. అదే పని చేసే కొరియన్ టీచర్లకు లేదు. న్యూజిలాండ్ టీచరు ఒకావిడ, మళ్లీ చేయించుకోను అంది, ఉద్యోగం పోయింది. ఆవిడ వదల్లేదు. ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ దాకా వెళ్లింది. 2015లో ఆ కమిటీ ఆవిడ పక్షాన నిలిచింది. 2017లో కొరియా ఆ పరీక్ష తీసేసింది. ఒక్క మనిషి పట్టుదల! నాలాంటివాళ్లు ఆవిడకు రుణపడి ఉన్నాం.

రాత్రి భద్రత గురించి అమ్మాయిలు అడుగుతారు. కేఫ్‌లో టేబుల్ మీద ఫోను పెట్టి వెళ్లి కాఫీ తెచ్చుకుంటారు, ఎవరూ ముట్టుకోరు. రెండింటికి ఒంటరిగా నడిచి వచ్చాను. ఇది నిజం. కానీ 2016 మే నెలలో గాంగ్నమ్ స్టేషన్ దగ్గర బాత్రూంలో ముక్కూమొహం తెలియనివాడు ఒకమ్మాయిని చంపేశాడు. పదో నంబరు గేటు నిండా అమ్మాయిలు చీటీలు అంటించారు. ఇదీ నిజం. రెండూ గుర్తుపెట్టుకోండి.

ఇతేవాన్ గురించి చెప్పకుండా కొరియా రాత్రి గురించి మాట్లాడకూడదు. 2022 అక్టోబరు 29, హాలోవీన్‌కు ముందు శనివారం రాత్రి. కరోనా ఆంక్షలు పోయాక మొదటి హాలోవీన్. హామిల్టన్ హోటల్ పక్కన సన్నటి ఏటవాలు సందు. మనుషుల మీద మనుషులు పడి, ఊపిరాడక 150 మందికి పైగా పోయారు. తర్వాత పోయినవాళ్లనూ కలిపితే మొత్తం లెక్క 159. అందులో 26 మంది విదేశీయులు. ఎక్కువమంది మీ వయసువాళ్లు. సాయంత్రం 6:34కే ఒకరు పోలీసులకు ఫోన్ చేశారు, ఇక్కడ తొక్కిసలాట అయ్యేలా ఉంది, వచ్చి ఆపండి అని. ప్రమాదం జరిగింది పదింపావుకి. ఈలోగా ఇంకా ఫోన్లు వెళ్లాయి. జనాన్ని అదుపు చేసేవాళ్లు రాలేదు. ఆ సందులో నేను ఎన్నిసార్లు నడిచానో. కందిపప్పు సంచితో. అందుకే చెప్తున్నాను, ఆ పిల్లలు తాగి పోయారు, తిరుగుబోతులు అని ఇంటర్నెట్‌లో రాసినవాళ్లను నేను క్షమించలేను. వాళ్లు చేసిందల్లా శనివారం రాత్రి బయటికి రావడం. పదింటి దాకా హగ్వన్‌లో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఒక రాత్రి బయటికొస్తే, ఆ రాత్రిని భద్రంగా ఉంచాల్సింది ఎవరు?

ఇక ఉద్యోగం సంగతి. ప్రైవేటు హగ్వన్‌లో మొదటి జీతం నెలకు ఇరవై లక్షల వాన్లు దాటి ఉంటుంది. రూపాయల్లో లక్షా పాతిక వేల నుంచి లక్షన్నర. గది వాళ్లే ఇస్తారు. ఏడాది నిండితే ఒక నెల జీతం అదనం, అది చట్టం. ఆ ఒక నెల ఎగ్గొట్టడానికి పదకొండో నెలలో తీసేసే యజమానులున్నారు. నా స్నేహితురాలికి అలాగే జరిగింది. దరఖాస్తుకు ఫోటో జతచెయ్యమంటారు. ఎందుకో మీకు అర్థమైంది కదా? నేను పనిచేసిన చోట ఒక తల్లి ఫోన్ చేసి, ఈవిడ అసలు ఇంగ్లీషు దేశం మనిషేనా అని అడిగింది. ఆ వారమే కరపత్రం మీద నా ఫోటో మాయమైంది. నా క్లాసులు మాత్రం తగ్గలేదు! బుసాన్‌లో ప్రభుత్వ బడిలో చేరాక ఈ బాధలు లేవు. ఈపిక్ అని 1995లో మొదలైన ప్రభుత్వ పథకం. పొద్దున ఎనిమిదిన్నర నుంచి నాలుగున్నర. పక్కన కొరియన్ టీచరు. సాయంత్రం నీది. పిల్లల మొహాల్లోనూ తేడా తెలిసేది, ఎందుకంటే పొద్దున వాళ్లు ఇంకా అలిసిపోలేదు.

మీ అక్కయ్యలో, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టిన పిన్ని పిల్లలో వెళ్తామంటే ఇవి చెప్పండి. ముందు ప్రభుత్వ బడికి ప్రయత్నించమనండి. హగ్వనే అయితే, చివరి క్లాసు ఎన్నింటికి అయిపోతుంది, ఒక్కో గదిలో ఎందరు పిల్లలు, ఇప్పుడు పనిచేస్తున్న విదేశీ టీచరుతో ఒంటరిగా మాట్లాడనిస్తారా అని అడగాలి. మాట్లాడనివ్వకపోతే సంతకం చెయ్యొద్దు. బయట ట్యూషన్లు చెప్పొద్దు, ఆ వీసా మీద అది నేరం. జీతం ఆగితే కార్మిక శాఖ నంబరు 1350, వీసా చిక్కులకు 1345. ఫోన్‌లో ముందే పెట్టుకోవాలి, అవసరం వచ్చాక వెతకడం కాదు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇక మీరు అడగండి. ఆ మూడో వరసలో అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తుతోంది, మైకు అటు ఇవ్వండి.